భూవిజ్ఞానుల సత్కారాలు – గురుత్వానికి దక్కిన చోటు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
భూవిజ్ఞానులను పతకాలతో సత్కరించే సంప్రదాయానికి దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఈ సత్కారాలు పరిశోధన ఫలితాన్ని గుర్తించినంత స్పష్టంగా బోధనను, మార్గదర్శకత్వాన్ని గుర్తించలేదు. విలియం స్మిత్, మేరీ థార్ప్, ఆచార్య సి. మహదేవన్‌లకు దక్కిన గౌరవాలను, ఒక అంటార్కిటికా హిమానీనదం పేరు మార్పును పరిశీలించి, మార్గదర్శకత్వాన్ని పరిశోధన పురస్కారపు అర్హతలోనే చేర్చవలసి ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: భూవిజ్ఞానం, పురస్కారాలు, బోధన, మార్గదర్శకత్వం, క్షేత్రపరిశోధన, వొలాస్టన్ పతకం.

1. ఉపోద్ఘాతం:
రాతిని చూసి పోల్చుకోవడం, పొర ఎటు వాలిందో కొలవడం, కొలతలను పటంగా మార్చడం అనేవి భూవిజ్ఞానంలో పుస్తకం చదివినంత మాత్రాన పట్టుబడే విద్యలు కావు. అనుభవజ్ఞుడి పక్కన నిలబడి, తప్పుగా చూసినదాన్ని మళ్లీ చూసి నేర్చుకోవాలి. కాబట్టి ఈ శాస్త్రంలో ప్రతి పటం వెనుక ఒక శిక్షణ ఉంటుంది. పటం మీద మాత్రం ఆ శిక్షణ కనిపించదు. పతకాలిచ్చే సంఘాలు పటాన్ని చూశాయా, శిక్షణను కూడా చూశాయా అన్నది ఇక్కడ ప్రధానమైన ప్రశ్న.

2. ఆలస్యంగా అందిన పతకం:
లండన్ జియలాజికల్ సొసైటీ 1807లో ఏర్పడింది. ఆ సంఘపు అత్యున్నత సత్కారమైన వొలాస్టన్ పతకం 1831లో మొదటిసారిగా విలియం స్మిత్‌కు దక్కింది. కమ్మరి కుమారుడైన స్మిత్ కాలువల తవ్వకంలో సర్వేయరుగా పనిచేస్తూ, ఏ పొరలో ఏ శిలాజాలు ఉంటాయో గమనించి, వాటి సాయంతో పొరల వరుసను నిర్ణయించవచ్చునని గ్రహించాడు. 1815లో ఇంగ్లండ్, వేల్స్ దేశాల భూవిజ్ఞాన పటాన్ని ప్రచురించాడు. 1819లో అప్పుల పాలై జైలుకు వెళ్లాడు. ఆ మరుసటి ఏడాదే సొసైటీ తరఫున గ్రీనఫ్ రూపొందించిన పోటీ పటం వెలువడింది. పతకం అందించిన సభలో సొసైటీ అధ్యక్షుడు ఆడమ్ సెడ్జ్‌విక్ స్మిత్‌ను ఇంగ్లిషు భూవిజ్ఞానానికి పితగా కీర్తించాడు. సొంత పోటీ పటంతో అతని శ్రమకు విలువ తగ్గించిన సంఘమే పదేళ్లు గడిచాక అతనికి తొలి పతకం ఇచ్చింది. ఆ సత్కారంలో గౌరవంతోపాటు ప్రాయశ్చిత్తం కూడా ఉంది.

ఈ చరిత్రలో అంతగా చర్చకు రాని భాగం మరొకటి ఉంది. తల్లిదండ్రులను కోల్పోయిన మేనల్లుడు జాన్ ఫిలిప్స్‌ను స్మిత్ చేరదీసి, క్షేత్రపర్యటనల్లో వెంట తిప్పుకున్నాడు. ఫిలిప్స్ 1841లో మధ్యజీవ మహాయుగం అనే భావనను స్థిరపరిచి, 1845లో అదే వొలాస్టన్ పతకాన్ని అందుకుని, తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో భూవిజ్ఞాన బోధకుడయ్యాడు. మేనమామకు పటం వల్ల, మేనల్లుడికి సొంత పరిశోధన వల్ల పతకాలు వచ్చాయి. ఒకరి నుంచి మరొకరికి విద్య అందిన తీరుకు ఏ పతకమూ లేదు.

3. ఒకరి పేరు, ఇద్దరి శ్రమ:
పురస్కారం సాధారణంగా ఒక వ్యక్తిని ఎంచుకుంటుంది. భూవిజ్ఞానంలో పని మాత్రం తరచుగా ఇద్దరు ముగ్గురి చేతుల మీదుగా సాగుతుంది. అమెరికాలోని లామాంట్ పరిశోధనాలయంలో మేరీ థార్ప్ 1950వ దశకం తొలి ఏళ్లలో అట్లాంటిక్ సముద్రపు లోతు కొలతలను పటంగా గీస్తూ, మధ్య పర్వతశ్రేణి నడిమిన పగులులోయ ఉన్నదని గుర్తించింది. సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట దాన్ని ఆడపిల్ల మాటగా తీసిపారేశాడు. ఆ కాలంలో పరిశోధన నౌకల మీదికి స్త్రీలను రానిచ్చేవారు కారు. కొలతలు నౌక నుంచి వచ్చేవి, వాటి అర్థం బల్ల దగ్గర తేలేది. 1956లో ఈ పగులు వ్యవస్థ విషయమై యూయింగ్, హీజెన్‌లు ప్రకటించిన పత్రంలో ఆమె పేరు లేదు. వుడ్స్ హోల్ సంస్థ 1999లో, లామాంట్ 2001లో ఆమెను సత్కరించే నాటికి ఆమె వయసు ఎనిమిది పదులకు చేరింది. పత్రం మీద పేరు లేనివారి కృషిని పత్రాలనే లెక్కించే పురస్కారం చూడలేదని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

4. లోయకు పెట్టిన పేరు, హిమానీనదం కోల్పోయిన పేరు:
పతకాల పరిధికి బయట కూడా భూవిజ్ఞానులకు ఒక సత్కారం ఉంది. అది భూరూపాలకు వారి పేరు పెట్టడం. సి. వి. రామన్ వద్ద పరిశోధన చేసి, హైదరాబాదు సంస్థాన భూగర్భ సర్వేలో పనిచేసిన ఆచార్య సి. మహదేవన్ ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగాన్ని నడిపించారు. 1950వ దశకంలో విశాఖపట్నం వచ్చిన అమెరికన్ సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్‌తో కలిసి అక్కడ సముద్ర పరిశోధనకు పునాది పడింది. మహదేవన్ 1962లో మరణించారు. భారత తూర్పు తీరపు ఖండవాలు మీది సముద్రగర్భ లోయలను వివరిస్తూ లాఫాండ్ 1964లో ప్రకటించిన వ్యాసంలో ఒక లోయ ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని తలపించే పేరుతో, మరొకటి మహదేవన్ పేరుతో కనిపిస్తాయి. ఆ పేరు ఏ ఎంపిక సంఘమూ ఇచ్చినది కాదు, కలిసి పనిచేసినవారి జ్ఞాపకం నుంచి వచ్చింది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ అంటార్కిటికాలో ఉంది. అక్కడి ఒక హిమానీనదానికి ఒక భూవిజ్ఞాని గౌరవార్థం ఆయన పేరు పెట్టారు. క్షేత్రశిబిరంలో విద్యార్థిని పట్ల ఆయన ప్రవర్తన లైంగిక వేధింపుల నిషేధ నియమాలకు విరుద్ధమని విశ్వవిద్యాలయ విచారణ నిర్ధారించిన తరువాత, 2018లో దానిని మటాటౌవా హిమానీనదంగా మార్చారు. మారుమూల శిబిరంలో తిండి, ప్రయాణం, భద్రత, చివరికి సిఫారసు లేఖ కూడా పర్యవేక్షకుడి చేతిలోనే ఉంటాయి. అక్కడ మార్గదర్శకత్వం విఫలమైతే నష్టం విద్యార్థి జీవితానికే జరుగుతుంది. ఆ ప్రవర్తన వల్ల శాస్త్రానికి దూరమైనవారు గీయగలిగిన పటాలు ఎన్నటికీ లెక్కకు రావు. అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ 2017లో వేధింపును శాస్త్రీయ దుష్ప్రవర్తనగానే నిర్వచించడం ఈ సత్యానికి దక్కిన అధికారిక గుర్తింపు.

5. అభ్యంతరం – సమాధానం:
పరిశోధనను కొలవవచ్చు, మార్గదర్శకత్వాన్ని కొలవలేము అనే వాదం ఉంది. కృతజ్ఞత భయం నుంచి కూడా పుట్టవచ్చు గనుక విద్యార్థుల ప్రశంసను నమ్మలేమన్నది దాని కొనసాగింపు. ఈ అభ్యంతరంలో బలం ఉంది. అయితే అది సాక్ష్యాన్ని సేకరించే పద్ధతి మీదికే వర్తిస్తుంది. పర్యవేక్షకుడి అధికారం నుంచి బయటపడినవారిని, పరిశోధన మధ్యలో మానుకున్నవారిని కూడా అడిగితే ఆ సాక్ష్యానికి విలువ పెరుగుతుంది. పత్రంలో విద్యార్థి పేరు ఏ స్థానంలో ఉంది, సేకరించిన నమూనాల మీద హక్కు ఎవరిది అన్నవి కూడా పరిశీలనకు అందే విషయాలే.

భారత గనుల మంత్రిత్వశాఖ 1966లో జాతీయ ఖనిజ పురస్కారాలుగా ప్రారంభించినవే నేటి జాతీయ భూవిజ్ఞాన పురస్కారాలు. వాటి రంగాలు ఖనిజాన్వేషణ, గనుల తవ్వకం, మౌలిక, అనువర్తిత భూవిజ్ఞానం వంటివి. బోధన వాటిలో ప్రత్యేక రంగం కాదు. బోధనకు వేరే పతకం పెడితే సరిపోతుందని అనిపించవచ్చు. అలా వేరు చేస్తే పరిశోధన పతకం మళ్లీ పాత కొలతతోనే మిగులుతుంది, బోధన పతకం రెండో వరుసలో నిలుస్తుంది.

6. ముగింపు:
స్మిత్‌కు గౌరవం ఆలస్యమైంది, థార్ప్‌కు పేరు ఆలస్యమైంది, మటాటౌవా విషయంలో ఇచ్చిన గౌరవాన్నే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఫలితాన్ని, దాన్ని సాధించిన పద్ధతిని విడదీసి చూడడమే ఈ మూడింటికీ మూలం. పరిశోధన పురస్కారానికి పేరును ప్రతిపాదించే పత్రంలో ఆ వ్యక్తి వద్ద శిక్షణ పొందినవారి స్వేచ్ఛాయుత అభిప్రాయం తప్పనిసరి కావాలి. పర్యవేక్షకులుగా ఉన్న అధ్యాపకులకూ, రేపు పర్యవేక్షకులు కాబోయే పరిశోధక విద్యార్థులకూ ఇది సమానంగా వర్తిస్తుంది.