నోటికి మార్కులు

మన చిన్నతనంలో పెదవి మీద వేలేసుకుని కూర్చున్న పిల్ల మంచిపిల్ల. ఇప్పుడు క్లాసులో నోరు విప్పిన పిల్ల మంచిపిల్లట. సంతోషించాల్సిన మాటే. కానీ ఆ విప్పిన నోటికి మార్కులు కట్టడం మొదలుపెట్టారు చూశారూ, నా పేచీ అక్కడ.

నిర్మాణాత్మక మూల్యాంకనం అని మన సర్కారు బళ్లలోకి ఒకటి వచ్చింది. ఆ మాట తప్పు పోకుండా పలికిన వాళ్లకే ఓ ఐదు మార్కులు వెయ్యొచ్చు! పిల్లలు తెలివైనవాళ్లు, ‘ఎఫ్‌ఏ’ అని ఊరుకున్నారు. అందులో రాతపని, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టులతో పాటు ‘పిల్లల భాగస్వామ్యం – ప్రతిస్పందనలు’ అని ఓ పద్దు పెట్టారు. అంటే క్లాసులో ఎవరు మాట్లాడారు, ఎంత మాట్లాడారు అన్న లెక్కన్నమాట.

దీనికి మూలం 2009 విద్యాహక్కు చట్టం. ఆ చట్టం 29వ సెక్షన్‌లో చక్కని మాట ఒకటుంది. పిల్లలకు భయం, బెంగ లేకుండా, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పుకునేటట్టు చదువు సాగాలని. ఆ మాట వెనకే నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలన్న మాటా ఉంది. రెండూ మంచివే. ఒకదాన్ని తెచ్చి రెండోదాని నెత్తిన కూర్చోబెట్టడంతోనే వచ్చింది చిక్కు.

ఎలాగంటారా? మాచర్ల వైపు ఓ హైస్కూలు అనుకోండి. పల్నాటి యుద్ధం పాఠం. నాయకురాలు నాగమ్మ చేసింది తప్పా, ఒప్పా అని మేష్టారు అడిగారు. ఏటా కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్ల చూసే ఊళ్ల పిల్లలు, వాళ్లకి చెప్పాలా? ఒకడు బ్రహ్మనాయుడి పక్షం, ఒకమ్మాయి నాగమ్మ పక్షం. బెంచీ మీంచి బెంచీకి తిరిగి వాదించుకుంటారు. ‘నీకేం తెలుసురా’ అంటే ‘నీకు మాత్రం ఏం తెలుసే’. గోల గోల. ఆ గోలలోనే పాఠం వంటబడుతుంది.

ఇప్పుడు మేష్టారి చేతిలో మార్కుల పుస్తకం పెట్టండి. అంతే, ఒక్కరూ ఒకరివైపు ఒకరు తిరగరు. అందరి మొహాలూ మేష్టారి వైపే. నాగమ్మది తప్పా అన్న ప్రశ్న కాస్తా మేష్టారికి ఏ జవాబు ఇష్టం అన్న ప్రశ్న అయిపోతుంది. ముందు బెంచీ వాళ్లిద్దరూ చేతులు దించరు. వాళ్లు చెప్పిందే ఇంకొకళ్లు మాట మార్చి చెబుతారు. ‘నువ్విప్పటికి మూడుసార్లు చెప్పావుగా, నన్ను చెప్పనీవే’ అని ప్రాణస్నేహితురాలి మీదే గుసగుసగా దెబ్బలాట. అన్నిటికంటే నష్టం ఏమిటంటే, ‘నాకు అర్థం కాలేదండీ’ అనేవాళ్లు మాయమైపోతారు. తెలియదని చెప్పి మార్కు పోగొట్టుకోవడానికి ఎవరికి ధైర్యం?

ఇక మిరప కోతల రోజుల్లో అమ్మ వెంట చేలోకి వెళ్లి, వారం తర్వాత బడికొచ్చిన పిల్ల సంగతి చూడండి. ఇదివరకైతే వెనక కూర్చుని, వింటూ, పక్కపిల్లని అడిగి తెలుసుకుంటూ నాలుగు రోజుల్లో అందుకునేది. ఇప్పుడా నాలుగు రోజుల మౌనానికీ లెక్క పడుతుంది. వినడం కూడా భాగస్వామ్యమే కదా? దానికి గడి ఏదీ?

పైగా ఆడపిల్లని ఇంట్లో మనం పెంచే తీరు మనకు తెలియనిదా! ‘అంత గొంతేమిటే, వీధిలోకి వినిపించేలా’ అని పదేళ్లూ కసురుతాం. పదకొండో ఏట బళ్లో నోరు పెగల్లేదని మార్కులు తగ్గితే, మళ్లీ మనమే తిడతాం. 12వ శతాబ్దంలో గురజాల కొలువులో ఓ ఆడది మంత్రిత్వం చేసి, నిండు సభలో మాట్లాడిన సీమ మనది. ఆ మాటకొస్తే ఆవిణ్ణి ఈనాటికీ తిట్టుకునేవాళ్లు లేకపోలేదనుకోండి.

మార్కులు లేకపోతే ఆ నాలుగు ముక్కలైనా మాట్లాడరని మేష్టర్లు అంటారు. కొట్టిపారేసే మాట కాదు. పుల్ల పెట్టి కదిపితే తప్ప కదలని పిల్లలుంటారు. కానీ నలభై మందిలో ఎవరు ఏ రోజున ఏం అన్నారో ఏ మేష్టారు గుర్తుంచుకోగలరు? పాపం, ఆ రికార్డులు రాయలేక చివరికి అందరికీ ఓ అంకె వేసేస్తారు. పదో తరగతిలో జరిగింది అదే. నూటిలో ఇరవై మార్కులు బడి చేతికిచ్చారు. ప్రైవేటు బళ్లు ఆ ఇరవైని ప్రసాదంలా పంచేస్తున్నాయని విమర్శలు వచ్చాయి. 2019లో మన ప్రభుత్వం ఆ పద్ధతే ఎత్తేసింది. అలా ఒకచోట భయం, ఇంకోచోట ఉత్త తంతు.

అంకె లేకుండా చూడలేమా? ఏ పిల్ల ఏం అడిగిందో నెలకో వాక్యం రాసి తల్లికి చూపిస్తే చాలదూ? ముందు పక్కపిల్లతో మాట్లాడుకోనిచ్చి, తర్వాత క్లాసుకి చెప్పమంటే ఎంత బెరుకు పిల్లయినా రెండు ముక్కలు అంటుంది. సందేహాన్ని చీటీ మీద రాసి ఇవ్వమన్నా సరే. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు, ఎన్ని మార్కులొచ్చాయని కాకుండా మా పిల్ల ఏం అడిగిందండీ అని అడిగి చూడండి. మేష్టారు ఓ నిమిషం తెల్లబోతారు. ఫరవాలేదు, కాసేపు ఆగండి.