నాలుగు సూర్యగణాల గొలుసు

గొప్ప పాటల జాబితా వేసేవాళ్లెవరూ ‘నాది నక్కిలీసు గొలుసు’ను అందులో చేర్చరు. భావం పలచన, మాటలు తిరిగి తిరిగి అవే. ఏటిదీ పాట అని మొహం చిట్లించినవాళ్లే పెళ్లి ఊరేగింపులో మోగితే కాలు కదిపారు.

ఈ పాట ఉన్నది పలాస నేపథ్యంగా కరుణకుమార్ తీసిన ‘పలాస 1978’లో. ఆ సినిమా 2020 మార్చి 6న విడుదలైంది. ఆ నెలలోనే లాక్‌డౌన్ వచ్చి థియేటర్లు మూతబడ్డాయి. పాట మాత్రం ఫోన్లలోకి ఎక్కి, టిక్‌టాక్ దుర్గారావు స్టెప్పులతో ఇంటింటికీ చేరింది. అది అదృష్టమే అనుకుందాం. అంత తేలిగ్గా నోటికి పట్టడం మాత్రం పనితనం.

పాట పేరునే గణవిభజన చేసి చూడండి. నాది, నక్కి, లీసు: మూడు గలాలు. గొలుసు: నగణం. నాలుగూ సూర్యగణాలే. వేమన ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం నడిచేది వీటిమీదే. అక్కడ ఐదు, ఇక్కడ నాలుగు. గలంలో ముందు బరువు, వెనక తేలిక. మూడుసార్లు కాలు గట్టిగా మోపాక ‘గొలుసు’ దగ్గర మూడు లఘువులు చకచకా దొర్లుతాయి. డప్పు కలవక ముందే మాటల్లో దరువు ఉంది. ఇది ఉత్తరాంధ్ర జానపదం. ఛందస్సు పుస్తకం తెరవని నోళ్లు అరగదీసి నునుపు చేసిన లెక్క.

కథ కూడా అంతే పొదుపు. గొలుసు పోయింది, నీ దగ్గరేమైనా పడిందేమో చూడమని పిల్లను అడగడం. అడిగేవాడికి కావలసింది గొలుసు కాదని అందరికీ తెలుసు. అది దొరికితే మాట్లాడే సాకు పోతుంది, పాటా అయిపోతుంది. అందుకే పల్లవి ఎన్నిసార్లు తిరిగొచ్చినా విసుగనిపించదు. వెతుకులాట సాగుతున్నట్టే ఉంటుంది.

సంగీత దర్శకుడు రఘు కుంచే తానే పాడి, సంగతులు వేయకుండా వీధిగొంతును వీధిగొంతులాగే ఉంచారు. మాధుర్యం చేతగాక ఇలా మోటుగా వదిలేశారనుకోవడానికి వీల్లేదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘ఓ సొగసరి’ కూడా ఈ సినిమాలోదే, రఘు కుంచే కట్టిన బాణీయే. అది కూర్చుని వినే పాట, ఇది లేచి ఆడే పాట. దేనికెంత నగిషీ కావాలో ఎరిగిన చెయ్యి రెండోదానికి అసలు నగిషీయే పెట్టలేదు.