బ్రహ్మచర్యం కాదు, అస్తేయం

యోగా నేర్పేవాళ్ల నడవడి గురించి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు యమనియమాల దగ్గరికి వెళ్తారు. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అని పతంజలి అయిదు యమాలు చెప్పనే చెప్పాడు, ఇంకో నియమావళి ఎందుకు అంటారు. నార్సింగి నుంచి కోకాపేట దాకా లేచిన అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో, ఆఫీసు వేళకి ముందే చాపలు పరుచుకునే స్త్రీల వైపు నుంచి చదివితే ఈ జవాబు సరిపోదు.

ఈ యమాలు సాధకుడికి చెప్పినవి. శిష్యురాలి పట్ల గురువుకు ఉండాల్సిన బాధ్యతగా చెప్పినవి కావు. బ్రహ్మచర్యం తప్పితే నష్టం సాధకుడి సాధనకే. హఠయోగ ప్రదీపిక మూడో అధ్యాయంలో యోగిని ప్రస్తావన ఉంది, నిజమే. కానీ మొదటి అధ్యాయంలో, సాధన మొదలుపెట్టినవాడు దూరంగా ఉంచాల్సిన వాటిలో నిప్పు, స్త్రీ, ప్రయాణం ఒకే వరసలో కనిపిస్తాయి. అక్కడ స్త్రీ నేర్చుకోవడానికి వచ్చిన మనిషి కాదు, ఆటంకం. గురువు చెయ్యి హద్దు దాటినప్పుడు లోకం ఈ భాషలోనే మాట్లాడుతుంది. 'పాపం, నిగ్రహం తప్పాడు' అంటుంది. ఆ వాక్యానికి కర్త అతను, బాధితుడూ అతనే. ఆమెకి జరిగిన హింసకి అందులో చోటే లేదు.

ఈ వాక్యాన్ని తిరగరాసిన స్త్రీలు ఉన్నారు. మైసూరులో అష్టాంగ యోగా నేర్పి దేశదేశాల్లో పేరు పొందిన పట్టాభి జోయిస్ 2009లో చనిపోయాడు. 1990లలో ఆయన దగ్గర నేర్చుకున్న కారెన్ రెయిన్, మీటూ గొంతులు లేచిన 2017లో, ఆసనం సరిచేసే పేరుతో ఆయన తనపై లైంగిక దాడి చేశాడని బహిరంగంగా రాసింది. మరికొందరు స్త్రీలు కూడా ముందుకొచ్చి తమ అనుభవాలు చెప్పారు. 2019లో ఆయన మనవడు శరత్ జోయిస్ ఆ శిష్యులకు కలిగిన బాధకు క్షమాపణ కోరాడు. రెయిన్ రాతలో ముఖ్యమైనది మాట ఎంపిక. 'అడ్జస్ట్‌మెంట్' అన్న వృత్తి పదాన్ని ఆమె పక్కకు నెట్టి, జరిగినదాన్ని దాని పేరుతోనే పిలిచింది. గది నిండా మనుషులుండగా జరిగినది అన్నేళ్లు పాఠంగా చెలామణీ అయిందంటే, ఆ పదం ఎంత పని చేసిపెట్టిందో ఊహించవచ్చు.

ఆ గదిలో స్త్రీ ఎందుకు మాట్లాడదు అన్నది కూడా చూడాలి. తల కిందికి వంచి ఉన్న మనిషికి వెనకున్న చెయ్యి కనిపించదు. 'ధ్యాస ఊపిరి మీద పెట్టండి' అన్నాక అభ్యంతరం చెప్తే క్లాసు చెడగొట్టినది తనే అవుతుంది. పైగా మనకి గురుభక్తి చిన్నప్పటి నుంచీ నేర్పిన పాఠం.

పాత పాఠంలోంచే ఆసరా వెతికితే నాకు బ్రహ్మచర్యం కన్నా అస్తేయం పనికొస్తుందనిపిస్తుంది. వ్యాసభాష్యం దొంగతనాన్ని పరుల ద్రవ్యం గురించే చెప్పింది. దాన్ని శరీరానికి విస్తరించడం నా పఠనం. దొంగతనం అనాలంటే ముందు సొంతదారు ఉండాలి. ఆమె శరీరానికి ఆమె సొంతదారు అని ఒప్పుకున్నాక, ఇవ్వనిది తీసుకోకూడదు. నిన్న ఇచ్చిన అనుమతి ఇవాళ్టికి చెల్లదు. మౌనం అనుమతి కాదు. మాటతో సరిచేయగలిగినచోట చేత్తో పనిలేదు.

అయితే సద్గుణం ఒక్కటే కాపాడదు. 2018లో ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద ఏర్పడ్డ యోగా సర్టిఫికేషన్ బోర్డు ఇచ్చే ధ్రువపత్రం స్వచ్ఛందం, అది లేకుండానూ నేర్పవచ్చు. కానీ 2013 నాటి పనిచోట్ల లైంగిక వేధింపుల చట్టం ఉంది. దాని ప్రకారం బాధితురాలు అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. అంటే నేర్చుకోవడానికి వెళ్లిన స్త్రీ కూడా ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోటైతే, లేదా యజమానే నిందితుడైతే, జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. నార్సింగికి అది రంగారెడ్డి జిల్లా. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు.

ఈ చట్టం నివాస గృహాన్నీ పనిచోటుగా లెక్కిస్తుంది. ఇది ఇంకో స్త్రీకి అవసరం. పొద్దున్నే ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి, ఒప్పంద పత్రం లేకుండా, నెల జీతానికి పాఠం చెప్పే టీచరమ్మకి. తలుపు మూసిన గదిలో ఆమెకి ఎదురయ్యే చూపుల గురించీ చేతుల గురించీ ఏ యమమూ మాట్లాడదు. నియమావళి ఆమె వైపు నుంచి కూడా రాయాలి.

కాబట్టి క్లబ్‌హౌసు గోడ మీద పతంజలి బొమ్మ పక్కనే ఒక కాగితం ఉండాలి: నేర్పేవాళ్ల చదువేమిటి, తాకే ముందు ఎలా అడగాలి, నేర్చుకునేవాళ్లైనా నేర్పేవాళ్లైనా ఎవరికి ఫిర్యాదు చేయాలి అని. ఆ కాగితం రాసేటప్పుడు చాప మీద కూర్చునే స్త్రీలని, టీచరమ్మలని కూడా పిలవాలి.