కొట్టేయాల్సిన పేర్లు

శని, ఆదివారాల్లో ఇంటిల్లిపాదీ పాత గుళ్లు చూసొద్దామంటే మా దాచేపల్లి వాళ్లకు చోటు కరువు లేదు. మండలంలోనే తంగెడ కోట ఉంది. 1515లో కొండవీటి దండయాత్రలో కృష్ణదేవరాయలు పట్టుకున్న దుర్గాల్లో అదొకటి. పొందుగుల దగ్గర కృష్ణ దాటితే మూసీ వచ్చి కలిసే వాడపల్లి. గురజాల వైపు దైద బిలం, రెంటచింతల దగ్గర సత్రశాల, ఇంకా ముందుకెళ్తే మాచర్ల, నాగార్జునకొండ, అనుపు. కాగితం మీద రాస్తే అన్నీ ఒక్కరోజులో అయిపోయేలాగే కనిపిస్తాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి ప్రయాణానికి పేర్లు రాసుకోవడం సగం పని. వాటిలో చాలావాటిని కొట్టేయడం మిగతా సగం. చాలామంది మొదటి సగంతోనే కారెక్కేస్తారు.

మొట్టమొదట కొట్టేయాల్సింది ఊళ్లను కాదు, నెలలను. ఎండాకాలం వస్తే రెంటచింతల పేరు వార్తల్లో ఎందుకు వినబడుతుందో పల్నాటి వాళ్లకు చెప్పక్కర్లేదు. పడిపోయిన గుడికి పైకప్పు ఉండదు, నీడ ఉండదు. కాబట్టి కార్తీకం నుంచి శివరాత్రి దాకా మా కాలం. తర్వాత రోజు చూసుకోవాలి. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం లాంచీ దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. అందుకే మా ఓటు శనివారానికి.

కొండకు వెళ్లాలంటే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. అది మన తొందరను బట్టి కదలదు. టికెట్లు తెగాలి, గాలీ నీళ్లూ అనుకూలించాలి. అందుకే ఆ రోజు పొద్దుటిపూటంతా లాంచీకే ఇచ్చేయాలి. పోతూ పోతూ మాచర్లలో చెన్నకేశవుడి దర్శనం చేసుకుందామంటే లాంచీ దాటిపోతుంది. బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన ఆ గుడిని సాయంత్రం తలుపులు తీశాక, తిరుగు దారిలో చూస్తే హాయి. పులిహోర మధ్యాహ్నానికి, పెరుగన్నం పిల్లలకు. మంచినీళ్లు మాత్రం అనుకున్నదానికి రెట్టింపు.

ఇంత చెప్పాక మా అమ్మ అడిగింది. “దీపం పెట్టని గుడికి ఇంత దూరం ఎందుకురా?”

న్యాయమైన ప్రశ్నే. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాగార్జునకొండ లోయలోనే ఉండేది. మూడు, నాలుగు శతాబ్దాల్లో అక్కడ బౌద్ధ విహారాల పక్కనే కార్తికేయుడికీ, పుష్పభద్రస్వామికీ, అష్టభుజస్వామికీ గుళ్లు ఉండేవి. “అవీ మన దేవుళ్లవే అమ్మా, కాకపోతే పదిహేడు వందల ఏళ్ల నాటివి” అన్నాను. “అయితే కొబ్బరికాయ తీసుకురానా?” అంది. దాన్ని మాచర్లకు దాచమన్నాను.

ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న లెక్క ఆ కొండకు మనకంటే బాగా తెలుసు. 1926లో ఏ.ఆర్. సరస్వతి అక్కడి శిథిలాలను గుర్తించారు. సాగర్ డ్యాంతో లోయ మునుగుతుందని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వారు. బయటపడిన వాటన్నిటినీ మోసుకురావడం ఎవరి తరం? ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను తరలించి మళ్లీ నిలబెట్టారు. మరో పద్నాలుగింటికి చిన్న నమూనాలు కట్టారు. మిగతావి నీళ్ల పాలయ్యాయి. వాళ్లు ఎంచి ఉంచినదాన్నే ఇప్పుడు మనం చూస్తున్నాం.

అలాంటి చోట పరుగెత్తితే ఏమీ కనబడదు. మ్యూజియంలో ఒక శిల్పం ముందు నిలబడి మా చిన్నది “నాన్నా, ఇది మన గచ్చు బండ లాగే ఉందే” అంది. పోలిక తప్పు కాదు. అది పల్నాటి సున్నపురాయి. మా చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలను నడిపేదీ సున్నపురాయే. పోయినవాళ్ల గుర్తుగా అప్పట్లో నిలిపిన ఛాయాస్తంభాలు కూడా అక్కడ దొరికాయి. వాటిలో యుద్ధాల్లో పడిపోయిన వీరులవీ ఉన్నాయి. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఆయుధాలకు మొక్కే మనకు, ఆ రాళ్లు పరాయివిగా అనిపించవు. ఇవన్నీ తట్టాలంటే ఒక్కో రాయి ముందు పది నిమిషాలైనా ఆగాలి. జాబితాలో ఇంకో మూడు ఊళ్లుంటే ఎవరాగుతారు?

ఈసారి నేను ఎత్తిపోతల జలపాతాన్ని కొట్టేశాను. అది దారిలోనే ఉంది, నిజమే. కానీ చంద్రవంక నిండుగా దూకేది వానల తర్వాత. పిల్లలు నీళ్లు చూశాక వాళ్లను మళ్లీ బండెక్కించడం బ్రహ్మతరం కాదు. పిల్లలు అలిగారు, మా ఆవిడ వాళ్ల పక్షమే వహించింది. ప్లాన్ వేసేవాడు ఆ ఒక్క పూటా ఇంట్లో చెడ్డవాడు కాక తప్పదు.