సగటు దాచే ఆలస్యం: డెబిట్‌క్రెడిట్ కొలమానంపై విమర్శనాత్మక పరిశీలన

స్టోరేజి వ్యవస్థ సెకనుకు తీర్చగల చదివే, రాసే అభ్యర్థనల సంఖ్యను ఐ.ఓ.పి.ఎస్. అంటారని ముందటి పాఠంలో చదివారు. ఆ ఒక్క సంఖ్యను చూసి ఒక సంస్థకు స్టోరేజిని ఎంపిక చేయవచ్చా? దీనికి జవాబు వెదకడానికి ఒక పాత వ్యాసాన్ని పరిశీలిద్దాం. నలభై ఏళ్ల కిందటి వ్యాసం ఇప్పుడెందుకని మీకు అనిపించవచ్చు. నేటి పర్యవేక్షణ తెరలపై కనిపించే ఒక లోపాన్ని అది అప్పుడే పట్టుకుంది. మరికొన్నిటిని పట్టించుకోలేదు. రెండూ మనకు అవసరమే.

1985 ఏప్రిల్ 1 నాటి 'డేటమేషన్' అనే అమెరికా పత్రికలో ఈ వ్యాసం వెలువడింది. లావాదేవీలను నడిపే వ్యవస్థల శక్తిని ఎలా కొలవాలన్నది దీని విషయం. రచయిత పేరు ఉండవలసిన చోట 'అజ్ఞాత రచయిత, తదితరులు' అన్న అర్థమిచ్చే మాట మాత్రమే ఉంటుంది. దీని వెనుక ఉన్న ముఖ్యుడు అప్పట్లో టాండెం కంప్యూటర్స్‌లో పనిచేస్తున్న జిమ్ గ్రే. వ్యాసం మూడు పరీక్షలను ప్రతిపాదించింది. వంద బైట్ల రికార్డులు 10 లక్షలను క్రమంలో పేర్చడం, రికార్డులను వరుసగా చదువుతూ సవరించడం అనే రెండూ ఇన్‌పుట్–అవుట్‌పుట్ సామర్థ్యాన్ని కొలుస్తాయి. మూడోదైన డెబిట్‌క్రెడిట్ బ్యాంకు కౌంటరులో టెల్లర్ చేసే జమ, ఖర్చుల పనిని అనుకరిస్తుంది. పేరు వచ్చింది దీనికే.

డెబిట్‌క్రెడిట్‌లో పనిభారాన్ని వర్ణించిన తీరు మెచ్చుకోదగినది. ప్రతి లావాదేవీలో ఖాతా, టెల్లర్, శాఖ రికార్డులను సవరించి, చరిత్ర ఫైలులో ఒక రికార్డు చేర్చాలి. సెకనుకు 100 లావాదేవీలు చేస్తానని చెప్పుకునే వ్యవస్థలో 1,000 శాఖలు, 10,000 మంది టెల్లర్లు, కోటి ఖాతాలు ఉండాలి. వేగం పెరిగిందని చూపాలంటే డేటా కూడా అదే నిష్పత్తిలో పెరగాలన్నమాట. కొద్దిపాటి డేటాను మెమరీలోనే ఉంచుకొని, డిస్కు జోలికి పోకుండా పెద్ద అంకె చూపించే వీలును ఈ నియమం బాగా తగ్గించింది. నేటి స్టోరేజి ప్రకటనలను ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. ఎంత డేటా మీద కొలిచారు, ఒక్కో అభ్యర్థన పరిమాణం ఎంత, అందులో రాతల వాటా ఎంత అన్నవి లేకుండా 'ఇన్ని లక్షల ఐ.ఓ.పి.ఎస్.' అని రాస్తే, దాని ఆధారంగా ప్రణాళిక వేయలేం.

అయితే వ్యాసానికి అసలైన విలువ తెచ్చింది ఒక చిన్న షరతు. లావాదేవీలలో 95 శాతం ఒక సెకను లోపు పూర్తి కావాలి. ఈ షరతు నిలిచినంత వరకే సెకనుకు ఎన్ని అన్న లెక్క చెల్లుతుంది. సగటున ఒక సెకను చాలని రాయలేదు. ఈ తేడాను కొంచెం నిదానంగా చూద్దాం.

ఒక స్టోరేజికి 100 అభ్యర్థనలు వచ్చాయనుకోండి. 95 అభ్యర్థనలకు ఒక్కోదానికి 1 మిల్లీసెకను, మిగిలిన ఐదింటికి ఒక్కోదానికి 100 మిల్లీసెకన్లు పట్టాయి. మొత్తం 595, సగటు సుమారు 6 మిల్లీసెకన్లు. నివేదికలో ఆ 6 చూసి ఎవరైనా తృప్తి పడతారు. నిజానికి 6 మిల్లీసెకన్లలో పూర్తయిన అభ్యర్థన ఒక్కటీ లేదు! ఇప్పుడు వినియోగదారు వైపు నుంచి చూడండి. ఒక పేజీ తెరుచుకోవాలంటే 20 అభ్యర్థనలు తీరాలనుకుందాం. ఇరవైలో ఒక్కటి కూడా నెమ్మదించకుండా ఉండే సంభావ్యత 0.95ను ఇరవైసార్లు వేసి గుణిస్తే వస్తుంది. అది సుమారు 0.36. అంటే 100 పేజీలలో దాదాపు 64 కనీసం ఒక నెమ్మది అభ్యర్థన కోసం ఆగుతాయి. నూటికి ఐదే కదా అని తీసిపారేసినవి మూడింట రెండు వంతుల పేజీలను తాకుతున్నాయి. నెమ్మది అభ్యర్థనలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని ఇక్కడ అనుకున్నాం. ఆచరణలో అవి తరచు గుంపులుగా వస్తాయి కాబట్టి అంకె మారవచ్చు, ధోరణి మాత్రం ఇదే.

వ్యాసంలోని మొదటి లోపం కూడా ఇక్కడే ఉంది. మిగిలిన 5 శాతానికి అది ఏ హద్దూ పెట్టలేదు. 1988లో ఏర్పడిన టి.పి.సి. మండలి మరుసటి ఏడాది తెచ్చిన టి.పి.సి.–ఎ పరీక్షలో ఈ షరతు 90 శాతం, రెండు సెకన్లు అయింది. బిగించవలసిన దానిని సడలించారనే చెప్పాలి.

రెండో లోపం ఇంకా పెద్దది. ఒక్కో టెల్లర్ సగటున 100 సెకన్లకు ఒక లావాదేవీ పంపుతాడని వ్యాసం తీసుకుంది. భారం రోజంతా నిలకడగా ఉంటుందన్నట్టే కదా! బ్యాంకుకు జీతాలు పడే రోజు ఉంటుంది. విశ్వవిద్యాలయానికి ఫలితాలు విడుదల చేసే గంట ఉంటుంది. ఆ గంటలో పేజీ తెరుచుకోక ఎదురుచూసిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఒక డిస్కు ఒక్కో అభ్యర్థనకు సగటున 5 మిల్లీసెకన్లు తీసుకుంటుందనుకోండి. అభ్యర్థనలు యాదృచ్ఛికంగా వస్తాయనుకునే సరళమైన క్యూ సూత్రం ప్రకారం, డిస్కు 50 శాతం పనిలో ఉంటే ప్రతిస్పందన కాలం 10 మిల్లీసెకన్లు, 80 శాతమైతే 25, 90 శాతమైతే 50. 80 నుంచి 90కి భారం పెరిగింది ఎనిమిదో వంతే, ప్రతిస్పందన కాలం మాత్రం రెట్టింపయింది. అందుచేత స్టోరేజి ప్రణాళికకు నెల సగటును కాకుండా అత్యంత రద్దీ ఉన్న పది, పదిహేను నిమిషాలను ఆధారం చేసుకోవాలి.

పర్యవేక్షణలోనూ ఇదే చిక్కు. ఐదు నిమిషాలకు ఒక అంకె నమోదు చేసే సాధనాన్ని తీసుకోండి. అభ్యర్థనలు ఒకే జోరుతో వస్తుండగా 290 సెకన్లు 1 మిల్లీసెకనులో, 10 సెకన్లు మాత్రం 100 మిల్లీసెకన్లలో తీరితే, నమోదయ్యేది 4.3. ఆ పది సెకన్లు కనబడనే కనబడవు. లినక్స్‌లోని ఐఓస్టాట్ ఆదేశం మొదట ఇచ్చే నివేదిక యంత్రం ఆన్ అయినప్పటి నుంచి ఉన్న సగటు. కాబట్టి వ్యవధి ఇచ్చి నడిపి, రెండో నివేదిక నుంచి చదవాలి. అందులోని వినియోగ శాతాన్ని కూడా జాగ్రత్తగా చూడాలి. ఒకేసారి అనేక అభ్యర్థనలు తీర్చే ఎస్.ఎస్.డి.లు, రెయిడ్ సమూహాల విషయంలో అది 100 చూపినా, ఇంకా సామర్థ్యం మిగిలి ఉండవచ్చు. ఐఓస్టాట్ చూపే నిరీక్షణ కాలం ఆ వ్యవధికి సగటే. 95వ శాతం దగ్గర ఏం జరుగుతోందో తెలియాలంటే, అభ్యర్థనలను అవి తీసుకున్న కాలాన్ని బట్టి వర్గాలుగా విడదీసి లెక్కించే బయోలేటెన్సీ వంటి సాధనం వాడాలి.