నోటికి తాళం

సాహిత్య విమర్శకుడికి సర్కారు ఉత్తర్వుతో యేమి పని అని మిత్రులు అడగవచ్చును. ఉత్తర్వు కూడా ఒక రచనే. అది యెవరి నోరు మూయడానికి రాశారో చూడవలసిందే.

2022 అక్టోబరులో డి.ఎం.హెచ్.-11 అనే జన్యుమార్పిడి ఆవకు కేంద్రం అనుమతి యిచ్చింది. ఆ తరువాత భారత వ్యవసాయ పరిశోధనా మండలి తనవారికి ఒక ఉత్తర్వు పంపింది: ఆ ఆవను గురించి పత్రికలలో అభిప్రాయం చెప్పరాదు, వ్యాసం రాయరాదు. ఉద్యోగ విరమణ చేసినవారినీ విడిచిపెట్టలేదు. పింఛనుతో బతికే వృద్ధుడి మాటకు కూడా భయపడిందన్నమాట!

యిది మన దేశంలోనే పుట్టిన జబ్బు కాదు. 1998 ఆగస్టులో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు ఆర్పాడ్ పుస్తాయ్, జన్యుమార్పిడి బంగాళాదుంపలు తిన్న యెలుకలకు హాని కనిపించిందని టెలివిజన్‌లో చెప్పారు. రోజుల్లోనే ఆయనను పనినుంచి తప్పించారు. ఆ ప్రయోగంలో లోపాలున్నాయని 1999లో రాయల్ సొసైటీ అన్నది. ఆ యేడే లాన్సెట్ పత్రిక దాన్ని అచ్చువేసింది. లోపాలు వుండే వుండవచ్చును. లోపమున్న ప్రయోగానికి జవాబు మరొక ప్రయోగం. కొలువు వూడబెరకడం యే శాస్త్రం?

మనవాళ్ళనూ ఒక మాట అనాలి. యీ పంటలను సమర్థించిన ప్రతి శాస్త్రజ్ఞుణ్ణీ కంపెనీ మనిషి అని కొట్టిపారేయడం మనలో కొందరికి అలవాటు. అదీ నోరు మూయించడమే.

యిక మా నెల్లూరు తీరం సంగతి. యిక్కడ రైతులు వేసే సాంబ మసూరినుంచే జన్యుసవరణతో 'కమల' వంగడాన్ని హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థ తయారుచేసింది. 2025 మేలో దాన్ని ప్రకటించారు. యిందులో పరాయి జన్యువు లేదు. ఆవ కథ వేరు, దీని కథ వేరు. ఐనా ఆ వరిమీద ప్రశ్నలు లేవనెత్తిన వేణుగోపాల్ బదరవాడను, మండలి పాలకవర్గంలోని రైతు ప్రతినిధిని, ఆ నెలలోనే తొలగించారు. ఆయన శాస్త్రజ్ఞుడు కాడు. ప్రతినిధికే ఆ గతి పడితే జీతగాడు నోరు విప్పుతాడా?

పత్తిరైతు చావుమీద మనకు కథలున్నవి. మాట మింగుకున్న శాస్త్రజ్ఞుడి కథ నేను చదవలేదు. యెవరైనా రాస్తారా?

యిందుకూరుపేటవైపునుంచి వచ్చే మా విద్యార్థి ఒకడు, "కమల విత్తనంమీద హక్కు యెవరిది సార్?" అని అడిగాడు. తెలిసిన శాస్త్రజ్ఞుడి దగ్గరకు వెళ్ళాను. తలుపు దగ్గరకు వేసి, టీ చల్లారేదాకా వివరంగా చెప్పి, "యిదేదీ నేను చెప్పినట్టు రాయకండి మాస్టారూ" అన్నారు.