అమ్మ పుట్టింటి పేరు ఏ రిజిస్టర్లో?

కర్ణాటకలోని బీదర్ జిల్లా చిట్గుప్పలో పాతతరం మనిషిని ఎప్పుడు పుట్టారని అడిగితే తేదీ చెప్పరు, ఒక సంగతి చెబుతారు. పోలీస్ యాక్షన్ అయిన రెండేండ్లకు, డెబ్బై రెండు కరువుకు ముందటి ఏడు, పెద్దన్న పెండ్లి అయిన వానాకాలం. ఇంట్లోవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే ఆ పెండ్లీ ఆ కరువూ అందరికీ గుర్తే. వంశవృక్షం గీసుకుందామని కూర్చున్న మనవడికి మాత్రం చిక్కు అక్కడే మొదలవుతుంది. బీదర్ జిల్లాలోనే కాదు, ఏ పాత తాలూకా ఊరికి పోయినా పురసభ కౌంటర్ దగ్గర మాటలు దాదాపు ఇట్లాగే నడుస్తాయి.

"సాబ్, మా నాయిన పుట్టిన సర్టిఫికెట్ కావాలె."

"ఏ సంవత్సరం?"

"పోలీస్ యాక్షన్ అయిన రెండేండ్లకని మా నాయనమ్మ అంటుండె."

"సంవత్సరం, ఊరు రాసి ఇయ్యిండ్రి. రిజిస్టర్ తెరవాలంటే అవే కావాలె."

ఆ గుమాస్తా అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ప్రపంచంలో ఎక్కడ పాత పుట్టుకల రికార్డు అడిగినా మొదట కావలసినవి ఆ రెండే. ఏ సంవత్సరం, ఏ కచేరీ. మొదటిదాన్ని ఎట్లాగో ఊహించవచ్చు. రెండోది తెలుసుకోవాలంటే ఆ ఏడాది ఆ ఊరు ఎవరి ఏలుబడిలో ఉందో తెలియాలి. ఈ పనిలో అసలు విద్య అదే.

ఈ విద్యను ఇంటిపనిలా చేసే దేశం ఐర్లాండ్. కరువుకూ వలసకూ చెదిరిపోయిన ఐరిష్ కుటుంబాల మునిమనవలు అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి తాతమ్మల జనన పత్రాలు తెప్పించుకుంటారు. తాతో నానమ్మో అమ్మమ్మో ఐర్లాండ్‌లో పుట్టినట్టు రుజువైతే మనవలకు అక్కడి పౌరసత్వం అడిగే హక్కు ఉంది కాబట్టి కొందరికి అది అవసరం కూడా. ఎక్కువమందికి అది ఇష్టం.

ఆ దేశపు రిజిస్టర్లతో తెలుగు నేలకు ఒక బంధుత్వం ఉంది. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఉన్నప్పుడు 'జనగణమన'కు స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్స్ ఐరిష్ వనిత. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆ కళాశాల ప్రిన్సిపాల్. ఈ దంపతుల జనన నమోదు వెతకాలనుకుందాం. మార్గరెట్ పుట్టింది 1878 నవంబరు 7న, రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణంలో. కజిన్స్ అన్న పేరు కింద ఎన్నేళ్లు వెతికినా ఆమె దొరకదు, ఎందుకంటే అది అత్తింటి పేరు. గిలెస్పీ అన్న పుట్టింటి పేరు కింద వెతకాలి. ఐర్లాండ్‌లో సూచికలను 1878 నుంచి మూడేసి నెలలకొకటిగా కట్టారు. అవి పుట్టిన తేదీని బట్టి కాక నమోదైన తేదీని బట్టి కట్టినవి. పుట్టుక చెప్పడానికి కొంత గడువు ఉండేది. కాబట్టి నవంబరులో పుట్టిన బిడ్డను ఆ ఏడాది చివరి సూచికలో చూడాలి, అక్కడ లేకుంటే 1879 మొదటి సూచిక తెరవాలి. ఊరి పేరు బదులు రిజిస్ట్రేషన్ జిల్లా పేరు పట్టుకోవాలి. దొరికాక జిల్లా, సంపుటం, పేజీ నంబర్లు రాసి పంపితే నకలు వస్తుంది.

జేమ్స్ కజిన్స్ 1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. ఆయన పుట్టినప్పుడు ఐర్లాండ్ అంతా ఒకే పాలన కింద ఉంది. తరువాత దేశం రెండు ముక్కలై, బెల్‌ఫాస్ట్ ఉత్తర ఐర్లాండ్‌గా బ్రిటన్‌తోనే ఉండిపోయింది. 1921 వరకు దీవి మొత్తానికి సంబంధించిన రికార్డు రాస్‌కామన్‌లోని జనరల్ రిజిస్టర్ కార్యాలయంలో ఉంది. ఆ తరువాత బెల్‌ఫాస్ట్‌లో పుట్టినవాళ్ల కోసం బెల్‌ఫాస్ట్ కార్యాలయాన్నే అడగాలి. అంటే ఒకే ఇంట్లో అన్న కాగితం ఒక దేశంలో, తమ్ముడి కాగితం ఇంకో దేశంలో ఉండవచ్చు.

చిట్గుప్ప మనిషికి ఈ మాట వింతగా తోచదు. నిజాం రాజ్యంలో బీదర్ జిల్లా ఇప్పటికంటే చాలా పెద్దది. 1956 నవంబరు 1న దాన్ని మూడు ముక్కలు చేశారు. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. జహీరాబాద్, నారాయణ్‌ఖేడ్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మెదక్ జిల్లాలో చేరాయి. మిగిలింది ఇప్పటి కర్ణాటక అయిన మైసూరు రాష్ట్రానికి దక్కింది. ఈ పంపకం చేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఒక చిన్న మినహాయింపు ఉంది. జహీరాబాద్ తాలూకా అంతా ఆంధ్రప్రదేశ్‌కు ఇస్తూ, నిర్ణా సర్కిల్‌ను మాత్రం తీసి పక్కన పెట్టారు. ఆ నిర్ణా ఇప్పుడు చిట్గుప్ప తాలూకాలో ఉంది. అక్కడి కుటుంబం ఒకటి 1950 నాటి కాగితం వెతకాలంటే జహీరాబాద్ పేరు తలవాలి, 1960 నాటిదానికి హుమ్నాబాద్ పేరు తలవాలి, ఈనాటిదానికి చిట్గుప్ప పేరు చాలు. ఇల్లు కదల్లేదు, ఊరు కదల్లేదు, తాలూకా మాత్రం మారుతూ పోయింది.

ఇంకా వెనక్కి పోతే కథ మరింత చిక్కన. చిట్గుప్ప పాయెగా తాలూకా. నిజాం కింద పాయెగా అమీర్లకు సొంత రెవెన్యూ, సొంత కచేరీలు ఉండేవి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయి, నేరుగా ప్రభుత్వం ఏలే దివానీలో కలిసేదాకా అదే ఏర్పాటు. గ్రామంలో పుట్టుకలు, చావుల లెక్క పోలీస్ పటేల్ చేతిలో, భూమి లెక్క పట్వారీ చేతిలో ఉండేవి. కాగితాల భాష పైస్థాయిలో ఉర్దూ. కింద ఊరిని బట్టి మరాఠీ మోడీ లిపిలోనో, కన్నడంలోనో, తెలుగులోనో రాసేవాళ్లు. నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ దస్తావేజుల భాండాగారం హైదరాబాద్ తార్నాకలో ఉంది. బీదర్ కుటుంబ చరిత్ర కోసం బెంగళూరు వైపు బయలుదేరినవాళ్లు తార్నాకను మరిచిపోకూడదు.

ఆ కాగితాల మీద తేదీలు ఫస్లీ పంచాంగంలో ఉంటాయి. 1345 ఫస్లీకి 590 కలిపితే 1935 వస్తుంది. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ మాసంతో మొదలవుతుంది. ఆ ఏడాదిలో జనవరి వచ్చిందంటే కలపవలసింది 591. ఈ ఒక్క అంకె దగ్గర తేడా వస్తే తాత తన అన్నకంటే ముందు పుట్టినట్టు కనిపిస్తాడు.

మరి తేదీలు నిజమేనా? ఇక్కడ రెండు దేశాలూ ఒకే దారిలో నడిచాయి. ఐర్లాండ్‌లో గడువు దాటితే జుర్మానా పడుతుందని చాలామంది తల్లిదండ్రులు బిడ్డ పుట్టిన రోజును అసలు రోజు తరువాతి తేదీకి జరిపి చెప్పేవాళ్లు. అందుకే చర్చిలో జ్ఞానస్నానం జరిగిన తేదీ ఒక్కోసారి పుట్టిన తేదీ కంటే ముందుంటుంది. కర్ణాటకలో పాతతరంలో జూన్ 1న పుట్టినవాళ్లు లెక్కలేనంత మంది. బడి తెరిచే నెల అది, చేర్చుకునే పంతులు వయసు సరిపోయేలా రాసిన తేదీ అది. పేర్లకూ ఇదే గతి. రచయిత జేమ్స్ జాయిస్ 1882లో డబ్లిన్‌లో పుడితే, ఆయన పేరులోని 'అగస్టిన్' జనన నమోదులో 'అగస్టా' అయింది. అది ఆడవాళ్ల పేరు. అంతటి రచయిత పేరే అట్లా నమోదైనప్పుడు చిట్గుప్ప తాత పేరు ఒకచోట నర్సప్ప, ఇంకోచోట నర్సింహులు అని ఉండటం చూసి ఇద్దరనుకోవడం సరికాదు. తండ్రి పేరు, సర్వే నంబరు, వాడకట్టు కలుస్తున్నాయా లేదా చూడాలి.

ఇంతదూరం రెండు దేశాలూ జంటగానే వచ్చాయి. విడిపోయేది నమోదు చేసిన గళ్ల దగ్గర.

1864 జనవరి 1న ఐర్లాండ్‌లో అన్ని మతాలవాళ్ల జననాల నమోదు మొదలైంది. ఆ రిజిస్టర్లో ఒక అడ్డవరసను నిదానంగా చదివితే ఇల్లు మొత్తం కనబడుతుంది. వరస సంఖ్య, పుట్టిన తేదీ, చోటు, బిడ్డ పేరు, ఆడా మగా, తండ్రి పేరు, నివాసం. ఆ పక్కన తల్లి పేరు, దానితోపాటు ఆమె పుట్టింటి పేరు. తరువాత తండ్రి వృత్తి. కూలీ అయితే కూలీ అని, చెప్పులు కుట్టేవాడైతే ఆ మాటే. ఆ తరువాత సమాచారం ఇచ్చినవారి సంతకం. చదువురాని తల్లి వచ్చి చెబితే అక్కడ ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలిపి పెట్టిన గుర్తు, పక్కన రిజిస్ట్రారు చేతిరాత. మన పెద్దవాళ్లు నిశానీ అనే వేలిముద్ర లాంటిదే అది. నూట యాభై ఏళ్లనాటి పేదరాలు కచేరీ దాకా నడిచి వచ్చిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మన దగ్గర జనన మరణ నమోదు చట్టం 1969 నాటిది. చాలా రాష్ట్రాల్లో అది 1970 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ రిజిస్టర్లను ఎన్నటికీ నాశనం చేయకూడదని నియమాలు చెబుతున్నాయి. రుసుము కట్టి వెతికించుకుని సర్టిఫికెట్ తీసుకునే హక్కు 17వ సెక్షన్ ఎవరికైనా ఇస్తుంది. మరణానికి కారణం మాత్రం చెప్పరు. చట్టం మంచిదే. చిక్కు ఫారంలో ఉంది. ఆస్పత్రి నింపే జనన ఫారం రెండు భాగాలు. చట్టపరమైన భాగం రిజిస్టర్లో నిలుస్తుంది. తల్లిదండ్రుల చదువు, వృత్తి లాంటివి రాసే గణాంక భాగాన్ని చింపి లెక్కల కోసం పంపుతారు. చివరికి చేతికి వచ్చే సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు, తేదీ, చోటు, తల్లిదండ్రుల పేర్లు, చిరునామాలు, నమోదు సంఖ్య ఉంటాయి. తండ్రి ఏం చేసేవాడో ఉండదు. ఎవరు వచ్చి చెప్పారో ఉండదు. తల్లి పుట్టిల్లు ఏదో అసలే ఉండదు.

ఈ కాలమ్‌కు బాధ కలిగించే లోటు ఈ చివరిదే. తెలుగింట్లో పిల్లకు పెండ్లయిన మరునాడే ఇంటిపేరు మారుతుంది. బిడ్డ పుట్టుక కాగితం మీద కొత్త ఇంటిపేరే ఎక్కుతుంది, లేదా ఉత్త లక్ష్మి అనో సాయవ్వ అనో రాసి ఊరుకుంటారు. అక్కడితో ఆమె పుట్టిన ఊరు, తండ్రి, తోడబుట్టినవాళ్లు రికార్డులో లేకుండా పోతారు. వంశవృక్షంలో తండ్రి వైపు ఏడుతరాలు ఎక్కి, తల్లి వైపు రెండోతరం దగ్గరే ఆగిపోయిన ఇళ్లు ఎన్నో. జనన మరణ నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ అక్టోబరు 1 నుంచి అమలై, ఆ తరువాత పుట్టినవాళ్లకు జనన సర్టిఫికెట్‌నే బడికీ ఓటుకూ పాస్‌పోర్టుకూ ఆధారం చేసింది. తల్లిదండ్రుల ఆధార్ నంబర్లకు చోటిచ్చింది. పుట్టింటి పేరుకు ఇవ్వలేదు.

కాగితంలో లేనిది ఇంట్లో కొంత దొరుకుతుంది. పెండ్లిలో పెట్టిన ఇత్తడి బిందె మెడ మీద సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు చదివితే, ఇచ్చిన మేనమామ పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ కూడా ఉంటాయి. వంశాలను పొగుడుతూ ఊరూరా తిరిగిన పిచ్చిగుంట్లవాళ్లు ఇటు, ఎద్దు మీద వచ్చి తరాలు చదివి వినిపించే హెళవలు అటు కన్నడ సీమలో, కచేరీలు పుట్టకముందు నుంచీ ఈ పని చేశారు. భూమి కాగితాల్లో, పట్టాదారు చనిపోయాక చేసే ఫౌతీ వేళ రాసిన వారసుల జాబితాలో భార్యా కూతుళ్లూ కనిపించవచ్చు. కర్ణాటకలో నాడకచేరీ అనే రెవెన్యూ కచేరీలో ఇచ్చే వంశవృక్ష పత్రం కూడా ఒక ఆధారమే.

ఇదంతా సరదా వ్యవహారం కాదని బీదర్ జిల్లాకు బాగా తెలుసు. రాజ్యాంగంలో 371-జె అధికరణం వచ్చాక ఈ ప్రాంతపు ఉద్యోగాల్లో, సీట్లలో వాటా అడగాలంటే తానో తల్లిదండ్రులో ఈ నేలవాళ్లని చూపించాలి. అమెరికాలో స్థిరపడేందుకు కాగితాలు పెట్టుకునే తెలుగువాళ్లు, నమోదు దొరకకపోతే 'రికార్డు లభ్యం కాలేదు' అన్న పత్రం తెచ్చి, దానితో తల్లిదండ్రుల అఫిడవిట్లు జతచేస్తున్నారు. ఎప్పుడో ఒక పోలీస్ పటేల్ రాసిన, రాయని ఒక్క వరస మీద ఈనాటి బతుకులు ఆధారపడి ఉన్నాయి.

ఐర్లాండ్ ఒక తీరు చూపింది. నూరేళ్లు దాటిన జననాలు, డెబ్బై ఐదేళ్లు దాటిన పెండ్లిళ్లు, యాభై ఏళ్లు దాటిన మరణాల పేజీల ఫొటోలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో పెట్టింది. ముద్ర ఉన్న పూర్తి సర్టిఫికెట్‌కు 20 యూరోలు తీసుకుంటూ, పరిశోధనకు ఉత్త నకలు చాలన్నవాళ్లకు అందులో చిన్న భాగానికే ఇస్తుంది. 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనంలో రికార్డు ఆఫీసు కాలిపోయి పాత జనాభా లెక్కలు బూడిదైన దేశం అది. జనన రిజిస్టర్లు వేరేచోట ఉండబట్టి బతికాయి. ఒకచోట ఒకే ప్రతి ఉంటే ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు.

కర్ణాటక 2024లో మొదలుపెట్టిన భూ సురక్ష పథకం కింద తాలూకా రికార్డు గదుల్లోని పాత భూమి కాగితాలను స్కాన్ చేస్తున్నారు. ఆ యంత్రం ముందు పాత జనన మరణ రిజిస్టర్లనూ పెట్టమని తహశీల్దారును అడగవచ్చు. హుమ్నాబాద్ కట్టల్లో చిట్గుప్పవి, జహీరాబాద్ కట్టల్లో నిర్ణావి ఏ పేజీల్లో ఉన్నాయో ఒక సూచిక రాయించమనీ అడగవచ్చు. ఫారంలో తల్లి పుట్టింటి పేరుకు ఒక గడి చేర్చడానికి చట్టం తిరగరాయనక్కరలేదు, నియమాలు మారిస్తే చాలు.

అందాకా సర్టిఫికెట్ కోసం వెళ్లినవాళ్లు రిజిస్టర్లోని ఆ నమోదు నకలు కూడా కావాలని అర్జీలో ఒక వాక్యం చేర్చాలి. సమాచారం ఇచ్చినవారి పేరు అందులో ఉండే వీలుంది. ఆ వచ్చినవాడు మేనమామ అయితే, తల్లి పుట్టిల్లు దొరికినట్టే.